రెండు చీరల కేసు

హెడ్ కానిస్టేబుల్‌గా ప్రమోషన్ వచ్చిన ఏడాదే నన్ను బెంగళూరులో బ్రూక్‌ఫీల్డ్ వైపు స్టేషన్‌కు మార్చారు. అక్కడ మహిళా సిబ్బంది తక్కువ. ఆడమనిషిని సోదా చేయాలంటే ఆడ పోలీసే ఉండాలని చట్టం. అందుకని నాకు పండగా లేదు, పబ్బమూ లేదు. వరమహాలక్ష్మి వ్రతం రోజు సాయంత్రం కూడా ఇంట్లో బొబ్బట్లు అలాగే వదిలేసి ఒక అపార్ట్‌మెంటుకు పరుగెత్తాను.

ఫిర్యాదు చేసింది ఆ ఇంటి కోడలు. తెల్లవారుజామున కలశానికి చీర కట్టి, అమ్మవారి మెడలో తన కాసులపేరు వేసిందట. మధ్యాహ్నం చూస్తే లేదు. పూజగది తుడిచింది పనిమనిషి రత్నమ్మ ఒక్కతే. ఆమెను సోదా చేశాను, ఏమీ దొరకలేదు. అయినా స్టేషన్‌కు తీసుకెళ్లాల్సిందేనని కోడలు పట్టుబట్టింది.

"నేను జీపెక్కితే ఈ బిల్డింగులో ఇంకెవురూ తలుపు తీయరక్కా. అన్ని ఇండ్లూ పోతాయి" అని రత్నమ్మ ఏడ్చింది. అది నిజమే. నాకు ఒళ్లు మండింది, కానీ ఫిర్యాదు ఫిర్యాదే.

ఈలోగా పాత బెంగళూరు మనిషైన అత్తగారు నన్ను పట్టుకుంది. "పోలీసైతే ఏమి, ముత్తైదువే కదమ్మా. కుంకం తీసుకోకుండా పోతే ఎట్లా?" అని యూనిఫాంలోనే పూజగదిలో కూర్చోబెట్టింది.

చూస్తే అమ్మవారు మరీ బొద్దుగా ఉంది. మా ఇంట్లో ఏటా కలశానికి చీర కట్టేది నేనే. ఒక్క చీరకు అంత నడుము రాదు. అదే అత్తగారిని అడిగాను.

"మా కోడలు పచ్చచీర కట్టి పెట్టుండాది. లక్ష్మికి ఎరుపు కదా కట్టాల్సింది? కట్టింది విప్పకూడదని పైన నా కంచిచీర కట్టినాను" అంది. కాసులపేరు కనబడలేదా అంటే, కళ్లద్దాలు పెట్టుకోలేదట. కోడలేమో అత్తగారు పచ్చచీర విప్పేశారని, కాసులపేరు మళ్లీ ఎర్రచీర మీద వేసే ఉంటారని అనుకుంది. అడగొచ్చు కదా అంటే, అడగడానికి ఇద్దరికీ మాటలుంటే కదా. చీర గొడవతో పొద్దుటే మానేశారు.

విప్పి చూడమన్నాను. రేపు ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదని అత్తగారు అడ్డం పడింది. ఈ ఒక్క విషయంలో కోడలు కూడా అత్త వైపే. కింద జీపు హారన్ కొడుతోంది. రత్నమ్మ నా వైపే చూస్తోంది.

నాకొచ్చిన విద్య ఒకటే. కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చి, నా వెంట వచ్చిన కానిస్టేబుల్‌ను ముఖం అటు తిప్పుకోమన్నాను. శిక్షణలో నేర్పినట్టే భుజాల నుంచి కిందికి, బట్ట పైనుంచే, మర్యాద తప్పకుండా లక్ష్మీదేవిని సోదా చేశాను. రెండు చీరల మధ్య కాసులు గలగలమన్నాయి. ఆడపోలీసు తాకింది కాబట్టి దోషం లేదని అత్తగారే తీర్పు చెప్పింది.

ఫిర్యాదు వాపసు తీసుకుంటానంది కోడలు. ఊరికే కుదరదన్నాను. రత్నమ్మ తప్పేమీ లేదని గుమ్మాల్లో నిలబడ్డ ఇరుగుపొరుగు ముందు కోడలి నోటితోనే చెప్పించాను. రత్నమ్మ కళ్లు తుడుచుకుని తాంబూలం అందుకుంది. "ఇంక మీ ఇల్లు మీరే తుడుచుకోండమ్మా" అని వెళ్లిపోయింది. మిగతా ఇళ్లు ఆమెకు నిలిచాయి.

ఏఎస్సైగా రిటైరయ్యేదాకా, ఇంట్లో దొంగతనం జరిగిందని ఎవరొచ్చినా పనిమనిషి సంగతి తర్వాతే అడిగేదాన్ని. ముందు అడిగేది, ఇంట్లో ఎవరితో ఎవరు మాట్లాడటం లేదని.