అవ్వ చుట్టిన వైరు

మా అవ్వకు ఒక రోగం ఉండేది. ఇంట్ల ఏది పరిచి ఉన్నా చుట్టేస్తది. చాప, తాడు, బొంత, ఆఖరికి నేను పండుకున్న దుప్పటి గూడ, నాతోని కలిపి. తను చిన్నపిల్లగ ఉన్నప్పుడు, తెలంగాణ సాయుధ పోరాటం రోజులల్ల, సైన్యం అస్తుందంటే ఊరంత అడివికి ఉరికేదట. పరిచినయి ఆడనే ఇడిసి, చుట్టినయి ఎత్తుకొని ఉరికేటోళ్లు. గప్పటిసంది గదే అలవాటు. తలాపున ఒక మూట ఎప్పుడు తయారుగ ఉండేది, ఎవ్వల్ని ముట్టనియ్యకపోయేది.

నర్మెట్టల నాకు మొదటిసారి సొంతంగ దర్వాజ పని దొరికింది. తెల్లారితే ముహూర్తం. దర్వాజ టైముకు నిలవడకపోతే ఇగ నాకు పనిచ్చేటోడే ఉండడు. కట్టెను నున్నగ జేసే కొత్త రంద మిషన్‌కు సన్నవైరు పనికిరాదని జనగామల లావుపాటి మూడు తీగెల వైరు కొన్న. "చుట్టివెట్టి నడపకు, వేడెక్కి కరుగుతది" అని దుకాణమాయన రెండుసార్లు చెప్పిండు. నేను మా వాకిలంత పరిచిన. అవ్వకు మాత్రం చెప్పలే, గదీ నా తెలివి!

నేను కట్టె మీద వంగి ఉంటే, ఆమె ఎనుకనుంచి ముద్దుగ చుట్టి, మూలకు వెట్టి, మీద గోనెసంచి కప్పింది. పొదుగుటానికి జాగ దేవులాడుతున్న కోడి పోయి దానిమీద కూసున్నది. మెత్తగ, ఎచ్చగ, దానికి ఇంకేం గావాలె?

గంటకు "ఏందిరో, కోడి మాడుతున్న వాసనస్తుంది!" అని అవ్వ ఒర్లింది. ఉరికి ప్లగ్గు గుంజిన. కోడి ఎగిరి నా నెత్తిమీద వడ్డది. వైరు తోలు కరిగి గోనెసంచికి అతుక్కున్నది. కోడికేం గాలే, మళ్ల గక్కడికే పోయి కూసుంటనని ఒకటే లొల్లి.

"నా బతుకు ఆగం జేస్తివి గదనే అవ్వా!" అని నోటికొచ్చినట్టు తిట్టిన. ఆమె లోపలికి వోయి తలాపు మూట ఇప్పింది. రెండు చీరెలు, ఒక ఇత్తడి చెంబు, మా తాత చేతి రంద.

"గిది ఉంటే యాడికి ఉరికినా బువ్వ దొరుకుతదని వెట్టిన" అన్నది.

పొద్దుగూకెదాక ఆ రందతోనే కొట్టిన. కట్టె కదలకుండ అవ్వ దానిమీద కూసున్నది, ఒడిల కోడి. తెల్లారి దర్వాజ ముహూర్తానికి నిలవడ్డది.

తర్వాత కొత్త వైరు తెచ్చి వాకిట్ల పరిచిన. కర్ర వట్టుకొని కోడిని అదిలిచ్చుకుంట అవ్వ దాని పక్కకు కూసున్నది.

"ఏందే, చుట్టవా?" అని ఎక్కిరించిన.

అవ్వ తొవ్వ దిక్కు చూసింది. "పరిచే ఉండనియ్యి బిడ్డ. ఇగ ఎవ్వలు రారు తియ్యి" అన్నది.