మొక్కుకు అడ్డొచ్చిన సూది

ఈ సంగతి ముందే రాయలేకపోయాను. నా కూతురు మంచాన పడ్డాకే నాకు అక్షరాలు వచ్చాయి. చిన్నప్పుడు ఈ హిందీ ఊళ్ళోని తెలుగు బడిలో తను నేర్చుకున్నవి, మంచంలో పడుకునే నాకు నేర్పింది. నేను రాసిన ప్రతి ముక్కా తనే చదివి దిద్దేది. నా ఆశ చచ్చిపోయిందని తన కంటపడేలా ఎలా రాయను? ఇప్పుడు దిద్దే మనిషి లేదు.

తనది గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్. రాయపూర్ తీసుకెళ్ళి రేడియేషన్ కరెంటు పెట్టించాం. కొన్నాళ్ళు బాగుంది, మళ్ళీ తిరగబెట్టింది. మందులు నొప్పికి తప్ప దేనికీ పనిచేయని రోజుల్లో అమ్మవారికి మొక్కుకున్నాను. నా కూతురు లేచి తిరిగితే మనవరాలికి నీ గుడి ముందే ముక్కు కుట్టిస్తాను, అందాకా ఆ పిల్ల ఒంట్లో సూది దిగనివ్వను అన్నాను. పిల్లకి జ్వరం వచ్చినా మాత్రలతోనే సరిపెట్టాను.

అప్పుడే మా రైల్వే క్వార్టర్లకి దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో పధ్నాలుగేళ్ళ ఆడపిల్లలకి టీకా వేస్తున్నారని తెలిసింది. ఈ క్యాన్సర్‌కేనట. నా చెవికి ఆ ఒక్క మాటే ఎక్కింది. కట్టుకున్న చీరతోనే ఆటో ఎక్కి, కూతుర్ని చూసే డాక్టరమ్మ దగ్గరికి పోయాను. మందు వచ్చిందట కదా, ముందు నా కూతురికి వేయండి అన్నాను.

ఆవిడ నన్ను కూర్చోబెట్టి హిందీలో చెప్పింది. ఈ రోగం తెచ్చేది ఒక వైరస్. టీకాలో ఆ వైరస్ లేదు, దాని పైతొడుగు లాంటిదే ఉంది. ఆ తొడుగు ముక్కల్ని ఈస్టులో పెంచితే, అవే ఒకదాన్నొకటి పట్టుకుని గుండ్రటి గుల్లలవుతాయి. లోపల విత్తనం ఉండదు కనక పెరగవు, రోగం తేలేవు. ఒళ్ళు మాత్రం అసలుదే వచ్చిందనుకుని ముందే సిద్ధపడుతుంది. పసిపిల్లలకి వేసే ఒక రకం కామెర్ల టీకా కూడా ఇలాంటి గుల్లేనట. ఇంకొన్ని రోగాలకీ ఈ దారిలోనే టీకాలు చేయాలని చూస్తున్నారట.

"మరి నా కూతురికి?"

"వచ్చేసిన రోగాన్ని ఇది తియ్యలేదమ్మా. మీ మనవరాలికి పధ్నాలుగేళ్ళే కదా, తనకి వేయించండి."

ఇంటికొచ్చేసరికి తోర్వా పేట నుంచి వియ్యపురాలు కూర గిన్నెతో వచ్చి ఉంది. టీకా మాట ఎత్తగానే, తల్లి రోగం చాలదా, పిల్లకీ ఎక్కిస్తావా అంది. నేను గుల్ల సంగతి చెప్పాను.

"అచ్ఛా. అయితే అమ్మవారికి కూడా ఉత్త కొబ్బరిచిప్ప కొట్టి చూడు వదినా, ఊరుకుంటాదేమో," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "మొక్కు నీది. తప్పితే పోయేది నా కోడలు."

అల్లుడు మీ ఇష్టం అత్తా అని రైలింజన్ల షెడ్డుకి డ్యూటీకి వెళ్ళిపోయాడు. మర్నాటితో టీకాలు ఆపేస్తారు, మళ్ళీ ఎప్పుడో ఎవరికీ తెలీదు. సూది వేయిస్తే, నా కూతురు ఇక లేవదని అమ్మవారి ముందు నేనే ఒప్పుకున్నట్టు. వేయించకపోతే, ఈ రోగానికి రేపు మనవరాల్ని వదిలేసినట్టు. ఎటు తిరిగినా నా చేత్తోనే ఒకళ్ళని తోసేస్తున్నట్టుంది. అన్నం కలుపుకుని తినలేక కంచం పక్కన పెట్టేశాను.

సాయంత్రం తడిగుడ్డతో కూతురి పెదాలు అద్దుతుంటే నా చెయ్యి పట్టుకుంది. పక్క గదిలో మాటలన్నీ విన్నదే.

"నాకోసం దానికి సూది ఆపేస్తన్నావేటమ్మా?"

నువ్వు లేస్తావే తల్లీ, కొన్నాళ్ళు ఓపిక పట్టు అన్నాను.

"లేవను. నీకూ తెలుసు." ఊపిరి కూడదీసుకోవడానికి ఆగింది. "మొక్కేటప్పుడు నన్నడిగావేటి? రేపు తీసుకెళ్ళు. అమ్మవారికి నేను చెప్పుకుంటాను."

పోయి ఆవిడ దగ్గరే చెప్పుకుంటుందని నాకు అర్థమైంది. తడిగుడ్డ మళ్ళీ ముంచి పెదాలు అద్దాను.

మర్నాడు పొద్దున్నే మనవరాలికి తల దువ్వి, రొట్టె పెట్టి, ఆరోగ్య కేంద్రానికి నడిపించుకెళ్ళాను. నర్సు సూది తీస్తే పిల్ల నా భుజంలో మొహం దాచుకుంది. నేను తల తిప్పుకోలేదు, సూది పూర్తిగా దిగేదాకా చూశాను. కాసేపు కూర్చోమన్నారు, కూర్చున్నాం. ఇంటికొచ్చి పిల్ల చొక్కా చెయ్యి పైకి మడిచి తల్లి మంచం పక్కన నిలబెట్టాను. తర్వాత అమ్మవారి పటం ముందు దీపం వెలిగించాను. ఏమీ అడగలేదు.