ఆరతి పళ్లెంలో సున్నం

పోయిన నెల తిరుత్తణిలో బంధువుల పెండ్లికి వెళ్లినప్పుడు, కల్యాణ మండపం వాకిట్లో ఆరతికని కలిపి పెట్టిన పసుపు నీళ్ల వాసన గుప్పుమని ముక్కుకు కొట్టింది. నాకు ఆ వాసన పడదు, దొరికిన కుర్చీలో కూలబడ్డాను. పక్కనున్న ఆడవాళ్లు ఎండదెబ్బ అనుకొని చల్లటి సోడా తెప్పించారు. ఎండా కాదు, పాడూ కాదు. ఆ వాసన వస్తే నాకు మనిషి ఎముక విరిగిన చప్పుడు వినిపిస్తుంది.

మాది తిరుత్తణి కొండ కనిపించే నేతపేట. డెబ్బైల చివర్లో అక్కడ మగ్గాల టకటకతోనే తెల్లవారేది. ఆషాఢ శ్రావణాల నడుమ ఆడి మాసం వచ్చిందంటే దుమ్ముగాలి వీధంతా ఊడ్చుకుపోతూ పడుగుల మీద వాలేది, ఇంటింటికీ వేపాకు తోరణాలు వేలాడేవి, అమ్మవారికి పోసిన రాగి అంబలి గిన్నెల్లో పట్టుకొని మునగాకు వేపుడు నంజుకుంటూ, విరిగిన నూలు కండెలతో బొమ్మరిండ్లు కట్టుకుంటూ, పిల్లలం పెద్దవాళ్ల కాళ్లకు అడ్డం పడేవాళ్లం. అన్నిటికంటే పెద్ద సంబరం ఆడి కృత్తిక. కొండమీది సామికి మొక్కుగా భుజాన మోసే మా పేట కావడి కొండెక్కేది ఆ రోజే.

కావడికి చుట్టే గుడ్డకు అంగడి రంగు పనికిరాదు. కొత్త నూలు పసుపులో ముంచి, ఆరబెట్టి, మా అవ్వ మగ్గం మీదే నేయాలి. ఆ నూలు ముంచేది కాదర్ బాయి. వీధి చివర తాటాకు పాకలో గుండిగలు పెట్టుకొని, పేటలో అందరి నూలుకూ రంగులు వేసేవాడు. సామి నూలు ముంచే వారమంతా ఆయన ఇంట్లో మాంసం వండేవాళ్లు కాదు. ఎవరూ అడగలేదు, ఆయనే పెట్టుకున్న నియమం. రంజాన్ నెలలో ఆయన తూక్కు గిన్నె నిండా పంపే, ఉపవాసం విడిచే నోంబు గంజి కోసం మేం గడపలో కాచుకొని కూర్చునేవాళ్లం. దర్గాకు కప్పే పచ్చగుడ్డ మా అవ్వ నేసి ఇచ్చేది.

ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారంటే దేవుళ్ల పంచాయతీ మొదలయ్యేది.

"మా సామి కొండమింద కండ్లకు కనపడతా ఉండాడు. మీ సామిని యాడ చూసేది బాయీ?" అనేది అవ్వ, ఆకూ వక్కా నములుతూ.

"మీరు పోయి సామిని చూసి వస్తారక్కా. మా సామి ఇంట్లో ఉన్నా మమ్మల్ని చూస్తా ఉంటాడు."

"అబ్బో, అయితే అంబలి తాగేటప్పుడు కూడా చూస్తాడా?" అని అవ్వ నవ్వేది. ఆయన గడ్డం తడుముకుంటూ మరో గిన్నెకు చేయి చాపేవాడు.

ఒక ఏడాది మాత్రం బయట ఊళ్ల నుంచి సాయిబుల మీద ఏవేవో మాటలు వచ్చి మా వీధి మగవాళ్ల చెవుల్లో పడ్డాయి. టీ కొట్టు దగ్గర గొంతులు మారాయి. మా నాగయ్య మామ, అంటే అవ్వ కొడుకు, ఆ గుంపులో ముందు నిలిచేవాడు. పండగకని భజన మందిరానికి తనే సున్నం కొట్టాడు. మరుసటి పొద్దున కాదర్ బాయి దగ్గర తడి నూలు తెచ్చి, వెదురు గడల మీద ఆ గోడ వెంబడి ఆరేశాడు. గాలికి నూలు చిలపలు గోడకేసి రాసుకుంటూ ఊగాయి. మధ్యాహ్నానికి పసుపు నూలంతా అరచేతులంత ఎర్రటి మరకలు.

"నెత్తుర్రా! ఆవు నెత్తురు కలిపినాడు!"

ఆ మాట ఎవడు అన్నాడో ఈనాటికీ ఎవడూ ఒప్పుకోలేదు. నూలు ఆరేసిన వెదురు గడలే లాక్కొని పరుగెత్తారు. కాదర్ బాయిని గడ్డం పట్టి పాకలోంచి వీధిలోకి ఈడ్చారు. మరుగుతున్న గుండిగను తంతే నీళ్లు ఆయన కాళ్ల మీద పడ్డాయి. ఆ కేక విని మగ్గాలన్నీ ఆగిపోయాయి.

"నాగయ్యా, నేనేమి చేసినానురా?" అని ఆయన చేయి అడ్డం పెట్టాడు. ఆ చేతి మీదే మామ గడ ఎత్తి కొట్టాడు. చిన్నప్పుడు మామను ఎత్తుకొని తిప్పిన చేయి అది. ఎండు కట్టె విరిగినట్టు వినిపించింది. పొయ్యిలోని కొరివి తీసి ఎవడో పాక మీదికి విసిరాడు. కాదర్ బాయి భార్య మట్టిలో పొర్లుతూ ఏడుస్తుంటే నలుగురు నవ్వారు. ఆ నవ్వును నేను క్షమించలేదు, క్షమించను కూడా.

అప్పుడు వచ్చింది అవ్వ. కొప్పు ఊడిపోయి, చేతిలో ఇత్తడి పళ్లెం, పళ్లెంలో పసుపు నీళ్లు. గుంపును తోసుకొని మధ్యలో నిలబడి, నడుముకు చెక్కుకున్న ఆకువక్కల సంచిలోంచి సున్నం తీసి అందులో వేసి కలిపింది. నీళ్లు ఎర్రగా మారాయి.

"చూడండ్రా! మీ పెండ్లిండ్లకి ఏమి కలిపి ఆరతి ఎత్తినామురా? గోడకి సున్నం కొట్టిందెవురు? దానికానుకొని తడి నూలు ఆరేసిందెవురు?"

అందరికీ తెలిసిన సంగతే. ప్రతి ఇంట్లో, ప్రతి శుభానికీ చూసిన ఎరుపే. కర్రలు దిగాయి. పాక మాత్రం భగభగ కాలుతూనే ఉంది. "అయినా వాండ్లను నమ్మేదానికి లేదు" అంటూ ఒకడు ఆ పళ్లేన్ని కాలితో తన్నాడు. నిజం తెలిశాక తన్నిన ఆ తన్ను నాకు కర్రదెబ్బ కంటే ఘోరంగా తోచింది.

కాదర్ బాయిని ఎద్దులబండిలో ఆసుపత్రికి తీసుకుపోయారు. చేయి మళ్లీ సరిగా రాలేదు. సంసారం ఎత్తుకొని అత్తగారి ఊరు తిరువళ్లూరుకు వెళ్లిపోయాడు. మా కావడి ఆ ఏడాది అంగడి గుడ్డతో కొండెక్కింది.

అవ్వ మామను తిట్టలేదు, కొట్టలేదు. ఆ తరువాత మా ఇండ్లలో ఏ శుభం జరిగినా పళ్లెం తెచ్చి అతని ముందర పెట్టేది. "నువ్వే కలపరా" అనేది, అంతే. అందరి ముందూ మామ సున్నం వేసి, నీళ్లు ఎర్రబడేదాకా వేలితో తిప్పేవాడు. చచ్చిపోయేదాకా అవ్వ ఒక్క పెండ్లికీ వదల్లేదు.

ఇప్పుడు పేటలో చేతిమగ్గాలు లేవు, రంగుల పాక లేదు, అరుగులు లేవు. పోయిన నెల ఆ మండపంలో పెండ్లికూతురి చెల్లెలు ఆరతి నీళ్లలో కలపడానికి ఎర్రరంగు పొట్లం చించబోతుంటే, నడుం వంగిపోయిన మామ అడ్డం వచ్చాడు.

"సున్నం యాడమ్మా?"

"పాకెట్ ఉంది కదా తాతా, అదెందుకు?"

మామ చాచిన చేయి చాచినట్టే ఉండిపోయింది. నేను లేచి బయట తమలపాకుల కొట్లో సున్నం తెచ్చి ఆ చేతిలో పెట్టాను.

"కలుపు మామా."

కలిపాడు. పసుపు నీళ్లు ఎర్రబడగానే పిల్లలంతా చప్పట్లు కొట్టి, ఫోన్లు తీసి చుట్టూ మూగారు.

"తాతా, ఇంకోతూరి చెయ్యి తాతా!"

మామ నా ముఖంలోకి చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు.