కొరకని బిస్కెట్టు

చొక్కాల మీద బొమ్మలు అచ్చువేసే ఆ షెడ్డులో ఆమెను అందరూ బిస్కెట్టు పాప అంటారు. పాపకు మనవలున్నారు.

తండ్రి ఒక బిస్కెట్ల కంపెనీకి ప్రకటనల బొమ్మలు వేసేవాడు. చిన్నప్పుడు ఆమెను ఎత్తు పీట మీద కూర్చోబెట్టి, చేతికి బిస్కెట్టిచ్చి, "నోరు తెరువమ్మా. కొరికావంటే బొమ్మ చెడుతుంది" అన్నాడు. బొమ్మ పూర్తయ్యేసరికి బిస్కెట్టు చేతి చెమటకు మెత్తబడిపోయింది. చీమలు తిన్నాయి.

ఆ కంపెనీ ఎప్పుడో మూతబడింది. ఇప్పుడు పాత బిస్కెట్టు డబ్బాల మీది బొమ్మలంటే కుర్రకారుకు మోజు. ఆ బొమ్మ తిరిగి తిరిగి ఆమె బల్ల మీదికే అచ్చుకు వచ్చింది. "ఇది నేనే!" అని మురిసిపోయి నోరు జారింది. అంతే, ఇరుక్కుంది.

రాజుల ముఖాలు నాణేల మీదికెక్కితే గౌరవమంటారు. ఆ రాజులంతా చేతులు మారి మారి ముక్కులరిగి, చివరికి గుర్తుపట్టరాకుండా హాయిగా తప్పించుకున్నారు. ఈ రంగు మాత్రం ఎన్ని ఉతుకులకూ వదలదు.

యజమాని బేరగాళ్ళను నేరుగా ఆమె దగ్గరికే తెచ్చేవాడు. "ఆ పిల్లే ఈవిడండీ! పిన్నిగారూ, ఒక్కసారి అలా నోరు తెరవండి."

"నన్ను పువ్వులు అచ్చువేసే బల్లకు మార్చు బాబూ."

"భలేవారే! కొట్టు బోర్డు ఎవరైనా పీకేసుకుంటారా?"

పక్కనే చొక్కాలు ఇస్త్రీ చేసే ఆయన నవ్వాడు. "ఎన్నాళ్ళు పట్టుకుంటావు వదినా, కొరికి పారెయ్యరాదూ!"

ఆ వేళాకోళమే దారి చూపింది. అచ్చులో రంగుకో చట్రం. బిగించిన జాలీగుడ్డలోంచి రంగు దిగి బొమ్మవుతుంది. గోధుమరంగు చట్రంలో ఉన్నది బిస్కెట్టొక్కటే. అందరూ భోజనాలకు వెళ్ళగానే ఆమె ఆ చోట చిల్లులు పూడ్చే జిగురు పూసేసింది. సరుకు చెడితే బొమ్మ పీడ వదులుతుందనుకుంది. సాయంత్రానికి బల్ల నిండా ఖాళీ వేళ్ళు నోటి దగ్గర పెట్టుకున్న పిల్లలే.

"కొంప ముంచారు కదండీ!" అని యజమాని తల పట్టుకుని, ఆ చొక్కాలను చవగ్గా వదిలించుకున్నాడు. వారం తిరక్కుండా పరుగెత్తుకొచ్చాడు.

"ఏం బుర్రండీ మీది! అందరూ ఖాళీ చెయ్యే కావాలంటున్నారు. ఇక ఈ బొమ్మ మీ చేతి మీదుగానే నడవాలి!"

మింగలేక కక్కలేక కూలబడింది. ఇస్త్రీ ఆయన జాలిపడి, టీతోపాటు తన డబ్బాలోంచి ఒక బిస్కెట్టిచ్చాడు. ఇన్నేళ్ళుగా బిస్కెట్టే ముట్టనిది, ఈసారి తినేద్దామనే నోటి దాకా తెచ్చింది.

గుమ్మంలో బేరగాళ్ళతో యజమాని. "అలాగే ఉండండి పిన్నిగారూ! కదలకండి!" అంటూ ఫోను కోసం జేబులు తడుముకుంటున్నాడు.

ఆమె నోరు తెరిచే ఉంది. వేళ్ళ మధ్య బిస్కెట్టు మెల్లగా మెత్తబడుతోంది.