వెండి కప్పు, తాటిదుంగ

జయమ్మ చెడ్డ మనిషని ఎవరైనా అంటే నేనొప్పుకోను. కానీ ఆవిడ కడుపులో ఒక కుంపటి ఉండేది, అది పదేళ్ళు ఆరలేదు.

అంటించింది ఓ బేబీ షో. 1972లో అమలాపురంలో జరిగింది. ఏడాది పిల్లలందరిలోకి ఎక్కువ బరువు తూగినందుకు జయమ్మ కూతురు సువార్తకి వెండి రంగు కప్పు ఇచ్చారు. అదే త్రాసులో తోడికోడలు మార్తమ్మ కూతురు ఎస్తేరు కూడా కూర్చుంది. "ఈ పిల్లకి కాస్త తిండి పెట్టమ్మా" అంది నర్సు. అబ్బ, ఆ మాట ఎంత హాయిగా వినబడిందనీ జయమ్మకి!

జయమ్మ భర్త వరప్రసాదం బడిపంతులు. ఆయన అన్న, మార్తమ్మ భర్త సీమోను కొబ్బరికాయలు దింపుతాడు. ఒకే పెరడు, రెండు పొయ్యిలు. జయమ్మ కూతురికి మీగడపెరుగు, కొబ్బరిలౌజు పెట్టేది. కాలు కందిపోతుందని ఆడుకోనిచ్చేది కాదు. ఇంటిముందు పంటకాలవ మీద వంతెనంటూ ఉన్నది ఒక్క తాటిదుంగే. ఎనిమిదేళ్ళొచ్చినా సువార్తని చంకనెత్తుకునే దాటించేది. ఎస్తేరు మాత్రం పొయ్యిలోకి ఏరిన కొబ్బరిడొక్కల గంప నెత్తిన పెట్టుకుని దాని మీద పరిగెత్తేది.

"కోతిపిల్లలా ఏవిటే ఆ గెంతులు!" అని కసిరేది జయమ్మ. కసిరి, ఆ పిల్ల కాళ్ళకేసే చూస్తూ ఉండిపోయేది.

ఆరో తరగతిలో డ్రిల్లు మాస్టారు ప్రకాశరావు పిల్లలందరినీ పరిగెత్తించి, తాడాట ఆడించి, ఒంటికాలి మీద నిలబెట్టి చూశారు. అన్నిట్లోనూ ఎస్తేరే ఫస్టు. సువార్త సగం దూరంలోనే ఆయాసంతో కూలబడింది.

"పిల్లకి ఒళ్ళుంది గానీ సత్తువ లేదండీ. కాస్త ఆడుకోనివ్వండి" అన్నారాయన వరప్రసాదంతో.

ఆయనొచ్చి ఆ మాట చెప్పగానే జయమ్మ ఒళ్ళు మండిపోయింది. తిన్నగా మార్తమ్మ దగ్గరికెళ్ళింది. "నిజం చెప్పక్కా, దానికి చాటుగా ఏం పెడతన్నావు?"

"నా దగ్గరేవుందే పెట్టడానికి? అదే అలా తిరుగుతా ఉంటాది."

నమ్మితేగా! మర్నాడు మార్తమ్మ ఇంట్లో లేనప్పుడు వెళ్ళి ఆవిడ కుండల మూతలు తీసి చూసింది. గంజి, తోటకూర పులుసు. ఇంకేం లేవు. సిగ్గు లేకుండా అడుగు దాకా గరిట పెట్టి కెలికింది కూడా. ఇంటికొచ్చి, కప్పు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.

నెల్లాళ్ళ తరవాత ఓ సాయంత్రం కాలవ వైపు నుంచి నవ్వులు వినబడి జయమ్మ బయటికొచ్చింది. దుంగ నడిమధ్య సువార్త! చేతులు రెండూ చాపి నిలబడింది. పడితే పట్టుకోడానికి మార్తమ్మ నడుంలోతు నీళ్ళలో ఉంది. అవతలి గట్టున ఎస్తేరు చెయ్యి చాపింది.

"ఓలమ్మో! నా పిల్లని చంపేత్తావా అక్కా!" జయమ్మ పరిగెత్తింది.

సువార్త తూలి నిలదొక్కుకుంది. "అమ్మా, నువ్వటు తిరుగు! నువ్వు చూత్తంటే నాకు భయవేత్తంది. రోజూ బాగానే దాటుతున్నాను."

రోజూ! జయమ్మ కాలవకి వీపు పెట్టి నిలబడింది. దుంగ మీద పాదాల చప్పుడు ఒకటొకటిగా వినబడింది. తరవాత గంతు వేసిన చప్పుడు.

"వచ్చేసేను పెద్దమ్మా!" అని అరిచింది సువార్త.

ఇక తిరగొచ్చా అని అడక్కుండా జయమ్మ అలాగే నిలబడిపోయింది.