నేను కూర్చునే చోట గాలం గొట్టాలు

పడవలో నేను కూర్చునే చోట మా బావ గాలం గొట్టాలు బిగించాడు. నన్ను అడగలేదు, ముందుగా ఒక మాట చెప్పలేదు, బిగించాకైనా ఎందుకో చెప్పలేదు. పైగా ఆ గొట్టాలు నా చేత్తో నేను చేసిచ్చినవే.

ఈ వయసులో ఇంత పాత సంగతి తవ్వడమేమిటని మీరు అనుకోవచ్చు. మొన్న సబ్బవరంలో టీ తాగుతుంటే ఎదురుగా ఒక కారు వచ్చి ఆగింది. దాని నెత్తిన పసుపుపచ్చ ప్లాస్టిక్ కయాక్, తెడ్డు వేసుకునే సన్నపాటి పడవ. అటు రెండు ఇటు రెండు వెనక రెండు, గాలం కర్రలు నిలబెట్టే రాడ్ హోల్డర్లు, ఫోను పెట్టుకోవడానికి కొమ్మలాంటి ఒక స్టాండు, కెమెరాకు ఇంకో కొమ్మ. కుర్రవాడు మర్యాదస్తుడు, పాపం, అడిగినవన్నీ చూపించాడు. రెండో మనిషి ఎక్కడ కూర్చుంటాడని అడిగాను. ఇది ఒక్కడికే అంకుల్ అని నవ్వాడు. టీ సగంలోనే గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాకూ ఒక కయాక్ ఉండేది. ఆ పేరు మాకు తెలియదు, ఫైబరు పడవ అనేవాళ్లం. విశాఖలో షికారు పడవలు తిప్పే ఆయన ఒకరు ఆ పని మానేస్తుంటే నేనూ మా బావా కలిసి కొన్నాం. బావ అంటే మా చెల్లెలి భర్త, కశింకోటలో మోటార్లకు వైండింగు చేసే షాపు ఆయనది. నేను అనకాపల్లిలో ఒక చక్కెర మిల్లులో పైపు ఫిట్టరుని. బడి మొహం చూడనివాణ్ణి, బెల్లం దిమ్మలకు చుట్టిన పాత పేపర్లు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, ఇప్పుడిలా రాస్తున్నానంటే అదే చదువు. శనివారాలు నాకు సెలవు. శారదా నది నీళ్లు సముద్రంలో కలిసేచోట ఉప్పుటేరులో పండుగప్ప పడుతుందని తెలిసి, తెల్లవారకముందే స్కూటరు మీద వెళ్లిపోయేవాళ్లం. పడవను ఒడ్డున పీతలమ్మే ఒకాయన పాకలో ఉంచేవాళ్లం.

ఆ పడవలో రెండు సీట్లూ ముందుకే తిరిగి ఉండేవి. వెనక సీటులో బావ తెడ్డు వేస్తుంటే గాలాలు ఆయన వెనక నీళ్లలో ఈడ్చుకుంటూ వచ్చేవి కనుక, కర్రలు పట్టుకున్నవాడు వెనక్కి చూడాలి. అందుకని ముందు సీటు ఊడదీసి, వెనక్కి తిప్పి బిగించాను. చేతికొక కర్ర పట్టుకుని నేను బావకు ఎదురుగా కూర్చునేవాణ్ణి. మా చెల్లెలు కట్టిచ్చిన చద్దన్నం, ఎండుచేపల కూర మా మోకాళ్ల మధ్య పెట్టుకుని తింటుంటే, అన్నిటికన్నా ఆ గిన్నె ఖాళీ అవడమే మాకు దిగులుగా ఉండేది. నేను మాట్లాడితే చేపలు బెదురుతాయనీ, అసలు పండుగప్పలకు నా కబుర్లన్నీ కంఠతా వచ్చేసి ఉంటాయనీ బావ వేళాకోళం చేసేవాడు. మన కాలంలో ఇద్దరు మగాళ్లు పొద్దంతా ఎదురెదురుగా కూర్చోవడానికి వేరే కారణం అక్కర్లేదు, మీకు తెలుసు.

తర్వాత మా చెల్లెలు జబ్బుపడింది. విశాఖ ఆస్పత్రి వరండాలో నేనూ బావా వంతులవారీగా కూర్చున్నాం. ఆ వానాకాలం చివర్లో పోయింది. చర్చి వెనక సమాధుల తోటలో, తడిసిన మట్టిలో, ఇద్దరం పక్కపక్కనే నిలబడ్డాం. తర్వాత కొన్ని నెలలు పడవ పాక దాటలేదు. నాకు చెల్లెలి గురించి మాట్లాడాలని ఉండేది. మా ఇంట్లో అమ్మ ముందు ఆ ఊసెత్తడానికి లేదు. మాట్లాడితే బావతోనే మాట్లాడాలి, అది ఆ పడవలోనే కుదురుతుందని నా నమ్మకం.

అందుకే ఒక సాయంత్రం బావ తనంతట తాను వచ్చి అడిగినప్పుడు నా ప్రాణం లేచి వచ్చింది. "నాలుగు గొట్టాలు సేసి పెట్టు బావా. కర్ర నిలబడాల, సేప గుంజినా ఊడి రాకూడదు," అన్నాడు. మంచి పీవీసీ పైపు తెచ్చి, ఏటవాలుగా కోసి, కర్ర ఒరుసుకోకుండా మూతులు వేడిచేసి వెడల్పు చేశాను. నేనే వెళ్లి బావ సీటు వెనక రెండు బిగించాను. ఫైబరు చిట్లకుండా లోపల చెక్క ముక్క, బెజ్జంలో నీళ్లు దిగకుండా లారీ ట్యూబు వాషర్లు, చుట్టూ సిలికాను. మిగతా రెండూ తాను బిగించుకుంటానన్నాడు. సరే అన్నాను. రెండు చేతులూ ఖాళీ అవుతాయి, తీరిగ్గా మాట్లాడుకోవచ్చు అనుకున్నాను.

మరుసటి శనివారం బావ నాకోసం ఆగకుండా ముందే వెళ్లిపోయాడు, నేను బస్సులో వెళ్లేసరికి పడవ నీళ్లలో ఉంది. నా సీటు లేదు. అది ఉండాల్సిన చోట చేపలు వేసుకునే ప్లాస్టిక్ పెట్టె, దానికి అటొకటి ఇటొకటి నా గొట్టాలు, మధ్యలో లంగరు తాడు చుట్ట. ఊడదీసిన సీటు పాకలో బోర్లా పడి ఉంది.

"ఏటి మామా, నీ ఉజ్జోగం గొట్టాలకిచ్చేసేడేటి మీ బావ?" అన్నాడు పీతలాయన.

"నయమే. గొట్టాలయితే కూరలో ముక్కలన్నీ ఏరుకు తినవు," అన్నాను, నవ్వుతూనే.

బావ మాత్రం నవ్వలేదు. "ఒక్కడికయితే తేలిగ్గా ఉంటాది బావా," అని తెడ్డు అందుకున్నాడు. పడవ మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి, స్కూటరు ఆయనది కనుక, మళ్లీ బస్సెక్కి ఇంటికొచ్చాను.

ఆ తర్వాత పెళ్లిళ్లలో కలిశాం, క్రిస్మస్‌కు కలిశాం. కలిసినప్పుడల్లా అడిగాను. కొత్త పద్ధతి అనేవాడు, వానల గురించి ఎత్తుకునేవాడు, లేకపోతే ఎవరినో పలకరించాలని లేచి వెళ్లేవాడు. నా బరువు ఎక్కువైందా, నా వాగుడు ఎక్కువైందా, నా చేతిలోంచి జారిపోయిన పెద్ద పండుగప్పను మనసులో పెట్టుకున్నాడా, లేక చెల్లెలు పోయింది కాబట్టి నేనింక ఆయనకేమీ కాననుకున్నాడా? ఈ చివరిదే నన్ను ఎక్కువగా కాల్చింది. పోయినవాళ్లు పోయారు, ఉన్న మనిషి నన్ను ఒడ్డున వదిలేయడమేమిటి?

మొన్న సబ్బవరం నుంచి ఇంటికి రాలేదు, షేర్ ఆటోలు మారి నేరుగా కశింకోట వెళ్లాను. దారి పొడుగునా చూశాను, చెరుకు తోటలు సగానికి సగం ప్లాట్లయ్యాయి. ఆ పసుపుపచ్చ పడవే కళ్లలో మెదులుతోంది. ఇప్పుడు అన్నిటికీ కొమ్మలొచ్చాయి, కర్ర పట్టుకోవడానికీ దారి చూపడానికీ ఫొటో తీయడానికీ పక్కన మనిషి అక్కర్లేదు. ఒకప్పుడు అక్కర ఉండటం వల్లే కదా ఒకరి ఎదుట ఒకరం కూర్చున్నాం.

బావ అరుగు మీద వేరుశనగ కాయలు వలుచుకుంటున్నాడు. నేను కుశలం కూడా అడగలేదు. ఇద్దరిలో ఎవరం ముందు పోతామో తెలియదు, ఇవాళ చెప్పకపోతే లేవను అన్నాను. ఆయన చేతిలో కాయ వలవకుండానే చాటలో వేశాడు. తర్వాత, నా వైపు తిరగకుండానే చెప్పాడు:

"నువ్వు నాకేసి తిరిగి కూకుంటావు బావా. మీ సెల్లి మొగమే నీది. తెడ్డేత్తన్నంతసేపూ ఎటని తల తిప్పుకోను?"