చీరల కంచె

మా పక్క ఫారం అక్క పోయింది. మొన్న మార్చి నెలాఖరులో.

ఆ పొద్దున నాకు ముందే అనుమానం వచ్చింది. ఆవిడ వంటింటి కిటికీలో పచ్చ వెలుగు లేదు. ఆరేళ్లుగా లేవగానే నేను మొదట చూసేది ఆ వెలుగునే. అది మంచు మీద పడి ఉంటే అక్క లేచినట్టు, కాఫీ కాగుతున్నట్టు. ఆ రోజు మంచు మంచుగానే ఉంది. బూట్లు తొడుక్కుంటుంటే ఆస్పత్రి నుంచి మా అమ్మాయి ఫోను చేసింది. తనక్కడ నర్సు.

"నాన్నా, కూర్చున్నావా?"

"లేదమ్మా, చెప్పు."

"ఆంటీ వెళ్లిపోయారు నాన్నా. రాత్రి ఆయాసంగా ఉందని వాళ్ల తమ్ముడు తీసుకొచ్చారు. నిద్రలోనే పోయారు."

ఒక బూటు కాలికి ఉంది, ఒకటి చేతిలో ఉంది. తర్వాత రెండోది కూడా తొడుక్కుని ఆవిడ జీవాల దగ్గరికి పోయాను. వాటికి మేత వేయాలి గదా.

నాది అనంతపురం వైపు పల్లె. అయిదో తరగతి దాకా చదివాను. తర్వాత నలభై ఏళ్లు గొర్రెల వెంట నడిచాను. రాయడం చేతకాదు, నలుగురిలో మాట్లాడటం అంతకన్నా చేతకాదు. కానీ అక్క గురించి తెలుగులో చెప్పగలిగేవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని రాస్తున్నాను. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే. నాకు అర్థమైనంత మన మాటల్లో పెడుతున్నాను.

మీలో చాలామంది ఈ దేశపు పెద్ద పట్నం వైపు, మార్కమ్‌లోనో ఎటోబికోలోనో ఉంటారు. మా ఊరికి అక్కడినుంచి ఉత్తరానికి ఒక పగలంతా కారులో రావాలి. చుట్టూ అడవి. ఆ అడవిలో మూస్ అనే పెద్ద దుప్పి ఉంటుంది. ఒంటెంత ఎత్తు, చేటల్లాంటి కొమ్ములు. ఒకప్పుడు ఆకులు ఎర్రబడగానే దాని వేటకు ఎక్కడెక్కడి మనుషులో వచ్చేవాళ్లట. మోటెల్, హోటల్, మాంసం కోసి కట్టిచ్చే కొట్టు, అన్నీ ఆ కొద్ది వారాల మీదే ఏడాదంతా బతికేవట. అక్క తమ్ముడు ఆ వేటగాళ్లకు దారి చూపే గైడ్. తర్వాత మూస్ తగ్గింది. సర్కారువాళ్లు వేటకిచ్చే ట్యాగులు, అంటే అనుమతి చీటీలు, తగ్గించారు. మోటెల్‌కు తాళం పడింది. తమ్ముడిప్పుడు స్కూలు బస్సు నడుపుతాడు. ఏటవాలు భుజాల మనిషి. వెనక పిల్లలు అరుస్తుంటే అడవి వైపు చూస్తూ నడుపుతాడు.

అక్కను మొదట చూసింది కంచె దగ్గర. నేను మా అమ్మాయి దగ్గరికి కొత్తగా వచ్చిన రోజులు. రోజూ పోయి ఆవిడ గొర్రెలను చూస్తూ నిలబడేవాణ్ణి. వారం చూసి ఎనిమిదో రోజు వచ్చింది. ఎర్ర గళ్ల కోటు, మగవాళ్ల బూట్లు.

"కొంటావా? లేక దొంగిలిస్తావా?"

ఆ మాట నాకు తర్వాత మా అమ్మాయి చెబితే అర్థమైంది. అప్పుడు మాత్రం ఒక గొర్రెను చూపించి, కాలు కుంటుతోందని కుంటి చూపించాను. దాన్ని పట్టి, గిట్ట విప్పి, ఇరుక్కున్న రాయి తీశాను. అక్క ఆ రాయిని అరచేతిలో పెట్టుకుని చూసింది. "రా, కాఫీ తాగుదువు" అంది.

వంటింట్లో కుర్చీ మీద తోడేలు చర్మం పరిచి ఉంది, తలతో సహా. నేను కూర్చోలేదు.

"కూర్చో. అది చచ్చి ఇరవై ఏళ్లైంది, కరవదు."

కూర్చున్నాను. అంచుమీద.

అప్పటినుంచి ఆవిడ నన్ను షెపర్డ్ అనేది, గొర్రెల కాపరి అని. నేను అక్కా అనేవాణ్ణి. అంటే ఏమిటని అడిగితే బిగ్ సిస్టర్ అన్నాను. "ఇప్పటికే ఒక తమ్ముడున్నాడు, వాడితోనే చస్తున్నా" అంది. ఆ తమ్ముడు అక్కడే కూర్చుని కాఫీ తాగుతున్నాడు. నా వైపు చూడలేదు. ఏడేళ్లలో ఆయన నన్ను ఏమనీ పిలవలేదు.

అక్కాతమ్ముళ్లకు రోజూ ఒకటే తగువు.

"మూస్‌ను మొత్తం తోడేళ్లే తిన్నాయి. వాటిని కాల్చిపారేస్తే గానీ ఈ ఊరు లేవదు."

"అడవిలోకి లారీల రోడ్లు వేసింది కూడా తోడేళ్లేనా?"

"రేపు నీ గొర్రెల మీద పడతాయి. అప్పుడు చెప్పు."

"అప్పుడూ నీకే చెప్తాలే. వినడానికి నీకు బస్సు తప్ప ఏం పనుంది?"

ఆయన మాట తప్పు కాదు. అవి పడ్డాయి. నేను రాక ముందు ఏడాది తొమ్మిది గొర్రెపిల్లలు పోయాయి, వచ్చిన ఏడాది మళ్లీ పోయాయి. ఒకనాడు అక్క కాఫీ కలుపుతూ మెల్లగా అంది. "ఇంకొక్క వేసవి ఇట్లా అయితే మందను అమ్మేస్తాను షెపర్డ్. నా మొగుడు పోయాక ఈ ఇంట్లో పొద్దున లేవడానికి నాకున్న కారణం అవే." నా కారణం కూడా అవే గదా.

ఆ మే నెలలో నేనొక తప్పు చేశాను.

తెల్లవారి నడకకు పోతే చెరువు పక్క కంచె దగ్గర ఒక గొర్రె పడి ఉంది. కడుపు చీలి ఉంది. మా వైపు తోడేలు కొట్టిన జీవాన్ని మంద చూడక ముందే తీసేస్తాం. చూస్తే బెదిరి మేత ముట్టవు. వాసనకు అది మళ్లీ వస్తుంది. అందుకని నేను పార తెచ్చి, లోతుగా గుంట తీసి, ఉప్పు వేసి పూడ్చాను. నెత్తురు పడ్డ చోట బూడిద చల్లి చదును చేశాను. మధ్యాహ్నం దాకా పట్టింది. అక్కకు చూసే బాధ తప్పించానని మనసులో సంతోషం. చెప్పడానికి సిగ్గేసి ఇంటికొచ్చేశాను.

అక్కేమో నాకంటే ముందే దాన్ని చూసి, టౌన్‌షిప్ మనిషి కోసం పోయింది. టౌన్‌షిప్ అంటే మన పంచాయతీ లాంటిది. ఇక్కడ ఆ మనిషి వచ్చి పంటిగాట్లు, అడుగులు చూసి తోడేలేనని రాసుకోవాలి. అప్పుడే పోయిన జీవానికి సర్కారు సాయం అందుతుంది. అందాక దేన్నీ ముట్టకూడదు. ఇద్దరూ వచ్చేసరికి అక్కడ బూడిద ఉంది. తుడిచిపెట్టినట్టు నేల ఉంది.

మూడు రోజులు అక్క నాతో మాట్లాడలేదు. కిటికీ తెరవలేదు. నేను అన్నం సరిగా తినలేదు. నాలుగో రోజు పొద్దున మా తలుపు తట్టింది. చేతిలో కాఫీ ఫ్లాస్కు.

"కోపం కూడా మాంసం లాంటిదే షెపర్డ్. మూడు రోజులు దాటితే కంపు కొడుతుంది. రా, ఎక్కడ పూడ్చావో చూపించు."

చూపించాను. చాలాసేపు చూసింది.

"ఇంత లోతా? నా మొగుణ్ణి కూడా ఇంత శ్రద్ధగా పూడ్చలేదు." నవ్వింది. తర్వాత అడిగింది. "సరే, మీ ఊళ్లో ఇంకేం చేస్తారు?"

మాట కోసం వెతుక్కున్నాను. మా వైపు వేరుశెనగ చేలకు అడవిపందులు వస్తాయి. చేను చుట్టూ పాత చీరలు కడతాం. గాలికి చీర కదిలితే ఎవరో మనిషనుకుని పంది ఆగిపోతుంది. అది చేతులతో చూపించాను. చీర ఎట్లా ఎగురుతుందో, పంది ఎట్లా ఆగుతుందో. అక్క కళ్లు పెద్దవయ్యాయి. టౌన్‌షిప్ మనిషి కూడా అదే చెప్పాడట, తాడుకు గుడ్డ పీలికలు వేలాడదీస్తే తోడేలు దాటడానికి జంకుతుందని. "అన్ని గుడ్డలు ఎక్కడివి?" అంది.

నేను ఇంటికి పోయి పెట్టె తీశాను. ఈ దేశం వస్తూ నేను తెచ్చుకున్నది రెండే. మా నాయన కంబళి, మా ఇంటామె చీరలు ఆరు.

"అమ్మ చీరలా నాన్నా? వద్దు, నేను స్టోర్‌లో క్లాత్ కొనిస్తా" అంది మా అమ్మాయి.

"పెట్టెలో ఎవరు చూస్తారమ్మా? ఆమె కూడా నలభై ఏళ్లు మంద వెనకే నడిచింది. నడవనీ."

అమ్మాయి పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుంది. తర్వాత తనే కత్తెర తెచ్చింది.

అక్క ఆ చీరలను ఒక్కొక్కటే చెంపకు ఆనించుకుంది. ఎవరివని అడిగింది. చెప్పాను. లోపలికి పోయి తన మొగుడి చొక్కాలు అన్నీ తెచ్చి నా ముందు కుప్ప పోసింది. "ముందు ఇవి చింపు." అయిదు చీరలు చింపాం. ఆరోది మామిడాకు పచ్చది. దాన్ని చింపనివ్వలేదు. వంటింటి కిటికీకి తెరగా కట్టుకుంది. ఆ పచ్చ వెలుగు అదే.

వారం రోజులు కట్టాం. తమ్ముడు బస్సు ఆపి ఎర్ర పీలికల వైపు చూశాడు.

"తోడేలుకు ఎరుపు కనపడదు, తెలుసా?"

"కదిలేది కనపడుతుంది. ఆ టోపీ ఇటివ్వు, అది కూడా కడతా" అంది అక్క. బస్సులో పిల్లలంతా నవ్వారు. ఆయన టోపీ పట్టుకుని వెళ్లిపోయాడు.

పొద్దున పొగమంచులో చూస్తే ఆ పొలం ఈ దేశంలోది అనిపించేది కాదు. నేల కనపడదు, కంచె కనపడదు. గాలిలో చీర ముక్కలు మాత్రం నడుస్తుంటాయి. మా ఇంటామె ముందు పోతున్నట్టు, ఆమె వెనక అక్క మొగుడు పోతున్నట్టు, వాళ్లిద్దరి వెనక మంద గంట మోగుతున్నట్టు. నేను కళ్లు తెరిచే నిద్రపోయేవాణ్ణి. ఆ వేసవి ఒక్క పిల్ల కూడా పోలేదు.

రెండు నెలలకు తోడేలుకు భయం పోతుంది. తీసి దాచి, మళ్లీ గొర్రెలు ఈనే కాలానికి కట్టాలి. ఒక ఏడాది బద్ధకించి వదిలేశాం. రెండు పిల్లలు పోయాయి. తమ్ముడు తుపాకీ తీసుకుని వచ్చాడు. అక్క అడ్డం నిలబడింది. "తప్పు మనది. దాని పని అది చేసింది, మన పని మనం చేయలేదు."

ఆ రోజే కుర్చీ మీది చర్మం సంగతి చెప్పింది. అప్పట్లో పెద్ద ఆడ తోడేలును తనే కాల్చిందట. మరుసటి ఏడు మంద సగమైందట. "దాని పిల్లలకు మూస్‌ను పట్టడం ఎవరు నేర్పుతారు షెపర్డ్? ఆకలితో తేలికైన దాని మీద పడ్డాయి. చంపినందుకు గర్వపడి దీన్ని పరిచాను. ఇప్పుడు మరిచిపోకుండా ఉంచుకున్నాను." అంతమాత్రాన తోడేలంటే ఆవిడకు ప్రేమనుకోకండి. నోరారా తిట్టేది. చలికాలం ఫ్రీజర్‌లో మూస్ మాంసం లేని ఏడు మరీ తిట్టేది. ఉన్న ఏడు మాకు కూడా ఇచ్చేది. మా అమ్మాయి అల్లం వెల్లుల్లి వేసి వేపుడు చేస్తే తిని, కళ్లనీళ్లు కారుస్తూ "ఇది తనేనని మూస్‌కు కూడా తెలియదు" అంది. మళ్లీ పెట్టించుకుంది.

పోయిన శీతాకాలం నుంచి ఆవిడకు మెట్లు ఎక్కితే ఆయాసం. మేత నేనే వేసేవాణ్ణి. కిటికీలోంచి చెయ్యి ఊపేది. చివరిసారి వంటింట్లో కూర్చున్నప్పుడు, "ఈ ఏడాది ముడులు నువ్వే వేయాలి, నా వేళ్లు వంగడం లేదు" అంది. మా ఇద్దరికీ అది చాలు.

చర్చిలో అందరూ లేచి ఆవిడ గురించి మాట్లాడారు. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. బయటికి వచ్చాక తమ్ముడు ఎవరితోనో అంటుంటే విన్నాను. "శుక్రవారం లారీ వస్తుంది. గొర్రెలను పంపేస్తున్నా."

జీవితంలో నేను ఎవరినీ ఏదీ అడిగినవాణ్ణి కాదు. ఆ రోజు ఆయన ముందుకు పోయి నిలబడ్డాను. ఇంగ్లీషు మొత్తం ఎటో పోయింది.

"బేబీస్ కమింగ్," అన్నాను. "ఏప్రిల్. నేను నడుస్తా. రోజూ. పొద్దున, సాయంత్రం. ప్లీజ్."

ఆయన నా బూట్ల వైపు చూశాడు. కారెక్కి పోయాడు.

శుక్రవారం తెల్లవారకముందే లేచాను. లారీ వచ్చేలోగా ఒకసారి మందను చూసుకోవాలని. పొగమంచు దట్టంగా ఉంది. కిటికీ చీకటిగానే ఉంది. చెరువు వైపు కంచె దగ్గర ఎవరో వంగి ఉన్నారు. తమ్ముడు. పక్కన చీర ముక్కల మూట. చేతిలో అక్క ఎర్ర గళ్ల కోటు, పీలికలు పీలికలుగా కోసి ఉంది. సగం తాడు కట్టాడు. ముడులన్నీ జారిపోతున్నాయి.

"లారీ?" అన్నాను.

"రావద్దన్నాను." తల ఎత్తలేదు. ముక్కు చీదుకున్నాడు. "ఈ ముడి ఎట్లా వేయాలి, షెపర్డ్?"

చూపించాను. రెండు చుట్లు, ఒక లాగుడు. ఆయన వేళ్లు అక్క వేళ్లలాగే లావు. ఒక చీర ముక్క, ఒక కోటు ముక్క, మళ్లీ ఒక చీర ముక్క. మూట అయిపోయాక "కాఫీ పెడతా" అని ఇంటివైపు పోయాడు.

నేను తాడు వెంట నడిచాను. చెరువు మూలన, కంచెకు అవతల, మంచులో అడుగులు. కొత్తవి. నా అరచేయంత. అడవిలోంచి తిన్నగా వచ్చి, తమ్ముడు చీకట్లోనే కట్టిన ఎర్ర గళ్ల ముక్క ముందు ఆగాయి. అక్కడ మంచు కాస్త కరిగి ఉంది. చాలాసేపు నిలబడి చూసినట్టుంది. తర్వాత పక్కకు తిరిగి, తొందర లేకుండా అడవిలోకి పోయాయి.

వెనక ఇంట్లో దీపం వెలిగింది. మామిడాకు పచ్చ వెలుగు మంచు మీదుగా పాకుతూ వచ్చి, నన్ను దాటి, కదులుతున్న గుడ్డల కింది నుంచి ఆ అడుగుల్లోకి ఒక్కొక్కదానిలోకీ దిగింది.